ఒకే ముసలి బక్ (మగ జింక) వెంట పడేవాళ్లకు సమ్మిట్ వైపర్ పనికొస్తుందా?

మీరు వేటాడే అడవిలో నిటారుగా, కింది కొమ్మలు లేకుండా పెరిగిన చెట్లుంటే, చెట్టును పట్టుకుని విడతలుగా పైకెక్కే క్లైంబర్ రకం వేట మంచె సమ్మిట్ వైపర్ ఎస్‌డీ కొనండి. లేకపోతే సగం ధరకు ఇచ్చినా వద్దు.

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. టెక్సస్ నడిమి కొండప్రాంతం హిల్ కంట్రీలో కనిపించేవి వంకర్లు తిరిగిన లైవ్ ఓక్‌లు, గుబురు సీడర్లు, మెస్కీట్ తుప్పలు. వాటి మీద ఈ మంచె ఆరడుగులు కూడా ఎక్కదు. అదే తూర్పు టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌కు వెళ్లినా, జార్జియాలో ఒకోనీకి వెళ్లినా, నార్త్ కరొలైనాలో యూవారీకి వెళ్లినా లోబ్లోలీ పైన్లు కరెంటు స్తంభాల్లా నిలబడి ఉంటాయి. ఈ వస్తువు పుట్టిందే అలాంటి చెట్ల కోసం.

తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకును, కాళ్ల బందాన్ని చూసినవాళ్లకు క్లైంబర్ ఎలా పనిచేస్తుందో వివరించక్కర్లేదు. ఒంటి బరువు మోకు మీద పడ్డప్పుడు కాళ్లు పైకి జరుగుతాయి, కాళ్ల మీద నిలబడ్డప్పుడు మోకు పైకి జరుగుతుంది. కోనసీమలో కొబ్బరిచెట్లకు వాడే రెండు ముక్కల యంత్రానిదీ ఇదే లెక్క. వైపర్‌లో పై ముక్క సీటు, కింది ముక్క కాళ్లు పెట్టుకునే పలక. రెండూ అల్యూమినియం చట్రాలే. ఒక్కోదానికి పైపూత వేసిన ఉక్కు కేబుల్ ఒకటి ఉంటుంది. దాన్ని చెట్టు చుట్టూ తిప్పి, చట్రం గొట్టంలోకి దూర్చి, స్ప్రింగు మీట వదిలితే గాడిలో పడి బిగుసుకుంటుంది. నట్లు, పిన్నులు చీకట్లో వెతుక్కునే పని లేదు. పోటీ క్లైంబర్ల కంటే వైపర్ ముందుండేది ముఖ్యంగా ఇక్కడే.

బరువు 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. మోయగలిగేది 300 పౌండ్లు, దాదాపు 136 కిలోలు. ఆ 300లో మీ ఒంటి బరువుతో పాటు బూట్లు, చలి బట్టలు, సంచీ, విల్లు అన్నీ పడతాయని మరవద్దు. 270 పౌండ్ల మనిషికి ఇది సరిపోదు. అలాంటివాళ్లకు అదే కంపెనీ గోలియత్ ఉంది, 350 పౌండ్లు మోస్తుంది. చెట్టు మందం 8 నుంచి 20 అంగుళాల మధ్య ఉండాలి. అడవిలో మందాన్ని కంటితో అంచనా వేస్తే తప్పుతుంది కాబట్టి దర్జీ టేపు ఒకటి జేబులో ఉంచుకుని చుట్టుకొలత చూడండి. 25 నుంచి 63 అంగుళాల లోపు ఉంటే ఎక్కవచ్చు. పై అంచుకు దగ్గరగా ఉన్న చెట్టు వద్దు. కేబుల్ చివరి గాడుల మీద ఉంటే కోణం సరిచేసుకోవడానికి చోటు మిగలదు.

ఇంతకీ ఒకే ఒక్క ముసలి బక్ కోసం వందల డాలర్లు పెట్టి ఇలాంటిది ఎందుకు? విల్లు మంచిదైతే చాలదా? చాలదు. వైట్‌టెయిల్ (అమెరికా తెల్లతోక జింక) పిల్లలు ఎక్కువగా మే, జూన్ నెలల్లో పుడతాయి, వేట శరదృతువులో. అందుకే అక్కడి వేటగాళ్లు జింక వయసు ఎప్పుడూ అరతో చెబుతారు: రెండున్నర, మూడున్నర, ఐదున్నర. ఐదున్నరేళ్ల బక్ అంటే ఐదు వేట సీజన్లు దాటి బతికినది. పొలం గట్టున ఏళ్ల తరబడి పాతుకుపోయిన నిచ్చెన మంచె ఎక్కడుందో దానికి తెలుసు. ఆ చెట్టుకు గాలివాటున ఉండే చాటు దారి కూడా తెలుసు. నేల గీరి పెట్టుకున్న స్క్రేప్‌ల దగ్గరకు చాలావరకు రాత్రిపూటే వస్తుంది. ఒకే చెట్టు మీద రెండోసారి, మూడోసారి కూర్చున్నకొద్దీ మీ వాసన నేల మీద, దారి పొడవునా పేరుకుంటుంది. జింక రావడం మానేయదు, పగలు రావడం మానేస్తుంది. కాబట్టి ఏ చెట్టు మీదైనా అన్నిటికంటే విలువైనది మొదటిసారి కూర్చోవడమే. వైపర్ మీకు అమ్మేది ఆ మొదటిసారిని. ఈ రోజు ఇక్కడ, మూడు రోజుల తర్వాత గాలి మారితే నాలుగు వందల గజాల అవతల ఇంకో చెట్టు మీద.

అయితే మంచె లేకుండా ముసలి బక్ దొరకదని దీనర్థం కాదు. విల్లుతో కొట్టిన వైట్‌టెయిల్ బక్‌లలో, కొమ్ములు ఇరువైపులా సమంగా ఉండే తరగతిలో, విలువేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ పుస్తకంలో పై వరుసలో ఉన్నది 1965లో ఇల్లినాయ్‌లోని పియోరియా దగ్గర మెల్ జాన్సన్ కొట్టినది. కొమ్ముల కొలతల స్కోరు 204 4/8. ఆయన దాన్ని కొట్టింది సోయా చేను అంచున, నేల మీద నుంచే. నేల మీద గాలి అనుకూలంగా ఉండి, ఒంటిని కదలకుండా ఉంచగలిగితే చెట్టు అక్కర్లేదు. మనలో చాలామందికి ఆ రెండోది కుదరదు.

వైపర్ చప్పుడు చేస్తుంది, దాన్ని ఒప్పుకునే కొనాలి. ఎంత అన్నది లెక్క వేసుకోవచ్చు. ఒక్కో విడతకు పది, పన్నెండు అంగుళాలు ఎక్కుతారు. ఇరవై అడుగులు చేరాలంటే ఇరవై నుంచి ఇరవై నాలుగు విడతలు. విడతకు రెండుసార్లు, సీటు ముక్క ఒకసారి, పలక ఒకసారి, బెరడును కొరుకుతాయి. అంటే నలభై పైచిలుకు గరగరలు. పైన్ చెట్టయితే బెరడు పొరలు రాలి ఎండుటాకుల మీద పడే చప్పుడు అదనం. బక్ పడుకునే చోటుకు వంద గజాల లోపల ఈ పని చేస్తే అది లేచి వెనక దారిన వెళ్లిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. గాలి హోరు ఉన్న రోజైతే కొంత దగ్గరకు వెళ్లవచ్చు. గాలి వీచినప్పుడు ఒక విడత ఎక్కి, ఆగినప్పుడు మీరూ ఆగాలి. సాయంత్రం కూర్చునేందుకు పొద్దుగూకడానికి మూడు గంటల ముందే చెట్టు కింద ఉండాలి. తొందరపడితే పది నిమిషాల్లో ఎక్కవచ్చు. ముసలి బక్ కోసమైతే ఇరవై నిమిషాలు తీసుకోండి.

బెరడు చప్పుడును జింక కొంతవరకు ఓర్చుకుంటుంది. ఉడుతలూ ఆ చప్పుడే చేస్తాయి. ఓర్చుకోనిది లోహం లోహాన్ని తాకే టంగుమనే మోత. సమ్మిట్ వాళ్లు గొట్టాల్లో ఫోము నింపి దాన్ని చాలా తగ్గించారు. ఆ పని బాగా చేశారు, తట్టి చూస్తే బోలు మోత రాదు. కానీ మోత వచ్చే చోట్లు ఇంకా మూడున్నాయి. రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి పేర్చి వీపున మోసేటప్పుడు చట్రాలు రాసుకునే అంచులు మొదటివి. ఆ అంచులకు హాకీ బ్యాట్లకు చుట్టే గుడ్డ టేపు రెండు పొరలు చుట్టండి. నున్నటి ఎలక్ట్రికల్ టేపు చలికి గట్టిపడి ఊడిపోతుంది. రెండోది కేబుల్ కొసలు. వాటిని వేలాడనివ్వకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కతో చట్రానికి కట్టేయండి. మూడోది వీపున మోసే పట్టీల బకిల్స్. అసలు ఆ పట్టీలే వైపర్‌కు తక్కువరకం భాగం. సన్నగా ఉండి భుజం కోస్తాయి. అర మైలు దాటి నడవాల్సి ఉంటే నడుము పట్టీ ఉన్న మెత్తటి పట్టీల జత విడిగా కొని తగిలించుకోవడం మేలు.

చెట్టుకు బిగించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు పలకను నేల దగ్గరే మట్టంగా పెట్టడం. చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, కేబుల్ పొడవు మాత్రం మారదు. దాంతో పైకి వెళ్లేసరికి పలక ముందుభాగం కిందికి వాలుతుంది, ఇరవై అడుగుల ఎత్తున జారుడుబల్ల మీద నిలబడ్డట్టుంటుంది. అందుకే నేల దగ్గర ముందు అంచు పైకి ఎత్తి ఉండేలా గాడి ఎంచుకోవాలి. నిటారు పైన్‌కు నాలుగైదు అంగుళాలు చాలు. త్వరగా సన్నబడే చెట్టుకు ఇంకా ఎక్కువ కావాలి. సీటు ముక్కకూ ఇదే సూత్రం. పైకి వెళ్లాక గాడి మార్చడం సాధ్యమే, కానీ నడి ఎత్తున, చీకట్లో, చేతులు చల్లబడి ఉన్నప్పుడు చేయాల్సిన పని కాదది. కోణం తప్పిందనిపిస్తే ఐదారు అడుగులకే దిగి మళ్లీ పెట్టుకోండి.

ఎక్కే వరుస ఇదీ. నేల మీదే ఒంటికి హార్నెస్ (పడిపోకుండా చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు) తొడుక్కోవాలి. విల్లుకు తాడు కట్టి కింద వదలాలి, బాణాలు క్వివర్‌లో (అమ్ములపొదిలో) మూసి ఉండాలి. పలక కేబుల్, సీటు కేబుల్ బిగించి ఒక్కోటి గట్టిగా గుంజి చూడాలి. మీట గాడిలో సగమే పడితే ఈ గుంజుడులోనే బయటపడుతుంది. తర్వాత పై ముక్కనూ కింది ముక్కనూ కలిపే తాడు కట్టాలి. దీన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ. కాళ్లు ఎత్తినప్పుడు పలక జారి కిందకు పడిపోతే, ఆ తాడు లేనివాడు సీటు మీద వేలాడుతూ మిగిలిపోతాడు. ముఖం చెట్టువైపు పెట్టి, ముందరి కడ్డీ మీద కూర్చుని, పాదాలు పలక మీది పట్టీల్లో దూర్చాలి. నిలబడి సీటు ముక్క ముందుభాగాన్ని పైకి వంచితే పట్టు వదులుతుంది. దాన్ని పైకి జరిపి, మళ్లీ కిందకు వంచి కూర్చుంటే కొరుకుతుంది. ఇప్పుడు మోకాళ్లు ముడిచి, కాలివేళ్లతో పలకను పైకి ఎత్తి, మడమలతో తొక్కి నిలబడాలి. హార్నెస్ తాడు కట్టిన చెట్టు పట్టీని ప్రతి విడతకూ తలకంటే పైకి జరుపుతూ పోవాలి. పైకి చేరాక కట్టుకుందామంటే కుదరదు. పడిపోవడాలు ఎక్కువగా జరిగేది ఎక్కుతూ, దిగుతూ ఉన్నప్పుడే.

పెట్టెలో వచ్చే హార్నెస్ ప్రాణం కాపాడుతుంది, కానీ పట్టీలు చిక్కులు పడతాయి, చలికోటు మీద తొడగడం చికాకు. వంద డాలర్ల లోపు దొరికే చొక్కా రకం కొనుక్కుంటే ప్రతిసారీ తొడుక్కుంటారు. తొడుక్కోవడం విసుగైన హార్నెస్ కారులోనే ఉండిపోతుంది. దేన్ని వాడినా కాలు పెట్టి నిలబడే పట్టీ ఉండాలి. పడి వేలాడినప్పుడు తొడల దగ్గర రక్తప్రసరణ ఆగి నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆ పట్టీలో కాలు పెట్టి బరువు మార్చుకుంటే సాయం వచ్చేదాకా నిలవగలరు. ఫోను ఛాతీ జేబులో ఉండాలి, సంచీలో కాదు. మన తెలంగాణలోనే గీత కార్మికుల కోసం 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు తెచ్చారు. తరతరాలుగా తాడిచెట్లెక్కేవాళ్లకే అది అవసరమైనప్పుడు, శనివారాలు మాత్రమే చెట్టెక్కేవాళ్ల మాట చెప్పాలా?

విలుకాడికి వైపర్‌తో అసలు పేచీ ముందరి కడ్డీ. తుపాకీవాళ్లకు అది వరం, దాని మీద తుపాకీ ఆనించి కొడతారు. విల్లు లాగి కూర్చున్నచోటు నుంచి పక్కకు తిప్పితే విల్లు కింది కొసన ఉండే చక్రం, క్యామ్, ఆ కడ్డీకి తగులుతుంది. ఒక్క టిక్కుమనే చప్పుడుతో మూడేళ్ల వెంటాట ముగిసిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. వేలాడే సీటు పట్టీలను పొట్టి చేసి పైకి కూర్చోవడం ఒకటి. కొంత మేలే, కానీ పాదాలు తేలి తొడలు తిమ్మిరెక్కుతాయి. రెండోది, నాకు నచ్చేది, నిలబడే కొట్టడానికి సిద్ధపడటం. పైకి చేరాక సీటు ముక్కను మోకాళ్ల ఎత్తుకు దించి పెడితే కడ్డీ దారికి అడ్డురాదు, పిక్కకు సీటు తగులుతూ ఉండటంతో ఎక్కడ నిలబడ్డారో చూడకుండానే తెలుస్తుంది. జింక ఇరవై గజాల్లోకి వచ్చాక లేవడం కుదరదు కాబట్టి వెలుతురు చివరి గంట మొత్తం నిలబడే ఉండాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. మీరు లేవగానే సీటు ముక్క మీద బరువు పోతుంది, బరువు పోతే దాని పట్టు వదులవుతుంది. కొంచెం తగిలినా కదిలి గరగరమంటుంది. పైకి చేరాక సీటు చట్రాన్ని ఒక చిన్న ర్యాచెట్ పట్టీతో చెట్టుకు బిగిస్తే కదలదు. పలకకు కూడా ఒకటి వేస్తే ఇంకా మంచిది. ఈ రెండు పట్టీలు కంపెనీయే పెట్టెలో ఇచ్చి ఉండాల్సింది.

ఎత్తు విషయంలో అత్యాశ వద్దు. ఇరవై అడుగుల నుంచి ఇరవై గజాల దూరంలోని జింకకు బాణం దాదాపు 18 డిగ్రీల వాలులో దిగుతుంది, రెండు ఊపిరితిత్తులూ దొరుకుతాయి. అదే ఎత్తున పది గజాలకు వస్తే వాలు 34 డిగ్రీలవుతుంది. ముప్పై అడుగులెక్కి కూర్చుంటే పది గజాల్లో 45 డిగ్రీలు. వెన్ను పక్కగా దిగిన బాణం ఒకే ఊపిరితిత్తిని తాకి బయటకు వస్తే జింక దొరకడం కష్టం. కాబట్టి దారికి మరీ పక్కనున్న చెట్టు వదిలేసి, పద్దెనిమిది, ఇరవై గజాల దూరంలో ఉన్నది ఎంచుకోండి. కిందకు గురిపెట్టేటప్పుడు చేతిని దించొద్దు, నడుము దగ్గర వంగండి. చలికోటు మీద హార్నెస్ బిగిసి ఉన్నప్పుడు వంగే తీరు మారిపోతుంది కాబట్టి సాధన ఆ బట్టలతోనే, మంచె మీద నుంచే చేయాలి.

చెట్లను వేట రోజున వెతుక్కోవద్దు. ఫిబ్రవరి, మార్చిలో ఆకులు రాలి, నిరుటి కొమ్ములు రుద్దిన చెట్లు, దారులు తేటగా కనిపించేటప్పుడే ఆరేడు చెట్లు గుర్తించి ఫోను మ్యాపులో పెట్టుకోండి. ఒక్కోదానికి చుట్టుకొలత, మొదటి కొమ్మ ఎత్తు, ఏ గాలికి పనికొస్తుందో రాసుకోవాలి. ట్యూలిప్ పోప్లర్, నిటారు ఓక్ కూడా బాగానే ఉంటాయి. షాగ్‌బార్క్ హికరీ బెరడు పలకలు పలకలుగా ఊడుతుంది, దాని జోలికి వద్దు. సికమోర్, బీచ్ నున్నగా ఉంటాయి, తడిసినా మంచు పట్టినా జారుతాయి. ఎండిన చెట్టు అసలే వద్దు.

గాలిని చూసుకోవడానికి పౌడరు సీసాల కంటే అక్కడి మిల్క్‌వీడ్ దూది నయం. మన జిల్లేడు కాయ పగిలితే ఎగిరే దూదిలాంటిదే, రెండూ ఒకే కుటుంబం. చెట్టు మీద నుంచి ఒక పోగు వదిలితే వంద గజాల దాకా కంటికి కనిపిస్తూ గాలి ఎక్కడ తిరిగిందో, సాయంత్రం చల్లబడ్డాక లోయలోకి ఎలా జారిందో చూపిస్తుంది. ముసలి బక్ గాలి తనకు అనుకూలంగా ఉంటేనే పగలు కదులుతుంది. మీకు పూర్తిగా అనుకూలమైన గాలిలో అది రాదు. దాని ముక్కుకు అంతా బాగుందనిపించి, మీ వాసన మాత్రం దాని దారికి ఇరవై ముప్పై గజాల పక్క నుంచి పోయే గాలి కావాలి. అలాంటి గాలికి సరిపోయే చెట్టు రోజుకొకటి మారుతుంది. పాతుకుపోయిన మంచెతో ఇది కుదరదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. ఈ సమీక్ష అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్లకే. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. విల్లు ఆ చట్టంలో తుపాకీ కిందకు రాదు. రాష్ట్రం నిబంధనలు వేరు, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు వేరు. ప్రభుత్వ అడవుల్లో చెట్టుకు మరలు దించడం, కొమ్మలు నరకడం చాలాచోట్ల కుదరదు. కాబట్టి విల్లు తగిలించే కొక్కెం పట్టీతో కట్టేదే కొనండి.

బరువు తగ్గాలనుకునే విలుకాళ్లకు ఇదే కంపెనీ ఓపెన్‌షాట్ ఉంది. ముందరి కడ్డీ ఉండదు, బరువు 15 పౌండ్లు. విల్లుకు అడ్డు లేదు, కానీ ఎక్కేటప్పుడు కూర్చోవడానికి కడ్డీ లేక చేతుల మీద బరువు ఎక్కువ పడుతుంది. నాలుగైదు గంటలు కూర్చోవడానికి వైపర్ అంత సుఖంగా ఉండదు. కొమ్మలున్న చెట్లే ఎక్కువగా ఉన్న ఉత్తరాది అడవుల్లో శాడిల్ (చెట్టుకు కట్టుకుని వేలాడే పట్టీల సీటు), విడి మెట్లు నయం.

సీజన్ అయ్యాక మంచెను చెట్టుకు వదిలి రావద్దు. చెమట ఉప్పు పట్టిన పట్టీలను, సీటు ఫోమును ఎలుకలు, ఉడుతలు కొరికేస్తాయి. గ్యారేజీలో గోడకు వేలాడదీయండి. ఆగస్టులో దించి కేబుల్‌ను గుడ్డతో వేళ్ల మధ్య పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగండి. పైపూత చిరిగి గుడ్డకు ఉక్కు పోగు తగిలినా, కొసల దగ్గర తుప్పు కనిపించినా కేబుల్ మార్చాలి, విడిగా అమ్ముతారు. స్ప్రింగు మీటలో ఇసుక, పైన్ జిగురు చేరితే గాడిలో పూర్తిగా పడదు. పాత పళ్ల బ్రష్షుతో శుభ్రం చేసి, వాసన రాని లూబ్రికెంటు చుక్క వేయండి. ఆ తర్వాత ఇంటి దగ్గర చెట్టు మీద రెండడుగుల ఎత్తులో ఒకసారి, కళ్లు మూసుకుని, మొత్తం బిగించి విప్పి చూసుకోండి. నవంబరు తెల్లవారుజామున చేయాల్సింది అలాగే.